‘టెన్షన్’ అన్న ఒక్క మాట చాలదు

 

ప్రతి సంవత్సరం స్కాలర్‌షిప్ దరఖాస్తులు వచ్చే రోజుల్లో కాగితాలు సరిచూసే పని నా వంతుకు వస్తుంది. మార్కుల మెమో, ఆదాయ ధ్రువపత్రం, ఫీజు రసీదు, పాసుపుస్తకం మొదటి పేజీ జిరాక్సు ఉన్నాయో లేదో చూడటం బ్యాంకులో గుమాస్తాగా ముప్పై అయిదేళ్లు పనిచేసిన నాకు అలవాటైన పనే. కాగితాలు తెచ్చిన పిల్లలను “చదువు ఎలా సాగుతోంది?” అని అడిగితే దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు. “బాగానే ఉంది అంకుల్. కొంచెం టెన్షన్, అంతే.”

ఆ “కొంచెం టెన్షన్” గురించే ఈ వ్యాసం. మన దరఖాస్తులో మార్కులకు గడి ఉంది, ఆదాయానికి గడి ఉంది. పిల్లవాడి మనసు ఎలా ఉందో రాయడానికి గడి లేదు, ఉన్నా ఎవరూ నిజం రాయరు. ఆ విషయం ఇంట్లోనో, స్నేహితుల దగ్గరో, గురువుల దగ్గరో నోటితో చెప్పుకోవలసిందే. అలా చెప్పుకోవడం ఎందుకు కష్టమవుతోంది, ఎలా సులువు చేయవచ్చు అన్నది నాకు తెలిసినంతలో వివరిస్తాను. నేను డాక్టరును కాను, బి.కాం. చదివినవాడిని. అందుకే వైద్యం జోలికి పోకుండా ఇంట్లో మనం చేయగల పనులే ఎక్కువగా చెబుతాను.

టెన్షన్ అంటే ఏమిటి?

బ్యాంకులో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది. ఏదైనా మొత్తం వచ్చి, అది ఏ ఖాతాకు చెందినదో వెంటనే తేలకపోతే తాత్కాలికంగా అందులో వేస్తాం. అది తప్పు కాదు. కానీ వీలైనంత త్వరగా ఆ పద్దు ఎవరిదో తేల్చి సరైన ఖాతాకు మార్చాలి. రోజులు గడిచేకొద్దీ అది ఎక్కడ నుంచి వచ్చిందో కనుక్కోవడం కష్టమవుతుంది. పాత పద్దులు పేరుకుపోతే ఆడిటర్ మొదట చూసేది అక్కడే.

పిల్లల నోట ‘టెన్షన్’ అనే మాట అలాంటి ఖాతాయే. అన్నీ అందులోనే పడిపోతాయి. విడదీసి చూస్తే అవి వేరువేరు విషయాలు. రేపటి పేపరు ఎలా వస్తుందో అన్నది భయం. హాస్టల్లో చేరిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి అన్నం సహించకపోవడం బెంగ. క్లాసులో అందరి ముందు మార్కులు చదివి నిలబెడితే కలిగేది అవమానం. మేనమామ కొడుకుతో పోల్చినప్పుడు పొంగేది ఉక్రోషం. నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడని తెలిసి లోపల తొలుస్తూ ఉండేది అపరాధభావం. ఇష్టం లేని గ్రూపులో చేరినందుకు వచ్చేది విసుగు. నెలల తరబడి నిద్ర చాలకపోతే వచ్చేది ఒట్టి అలసట. కారణం తెలియకుండా పొద్దున లేవగానే పట్టుకునేది గుబులు. ఇదివరకు ఇష్టంగా చేసిన పని ఏదీ చేయబుద్ధి కాకపోవడం దిగులు.

ఇన్ని మాటలు మన తెలుగులోనే ఉన్నాయి. పేరు మారితే మందు కూడా మారుతుంది. అలసటకు నిద్ర కావాలి, ధైర్యం చెబితే లాభం లేదు. భయానికి ఒక పాత ప్రశ్నపత్రం పెట్టుకుని కూర్చోవడం పనికొస్తుంది. బెంగకు వారానికి రెండుసార్లు తీరికగా ఇంటికి ఫోను కావాలి. అవమానానికి తన పక్షాన నిలబడే పెద్ద మనిషి ఒకరు కావాలి. దిగులు వారాల తరబడి ఉంటే డాక్టరు సలహా కావాలి. అన్నింటినీ ‘టెన్షన్’ అంటే, విన్నవాళ్లు కూడా “టెన్షన్ పడకు” అని ఊరుకుంటారు. ఇద్దరూ మాట్లాడుకున్నట్టే ఉంటుంది, విషయం మాత్రం అక్కడే ఉంటుంది.

మన సర్జాపుర ప్రాంతంలో ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. ఈ చుట్టుపక్కల గ్రామాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం రెండు రాష్ట్రాల నుంచి వచ్చి అపార్టుమెంట్లలో ఉంటున్న కుటుంబాలూ ఉన్నాయి. పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడ, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. మూడు భాషలు రావడం మంచిదే. కానీ వాళ్లకు ఇంట్లో తెలుగు “అన్నం తిన్నావా, హోంవర్క్ అయిందా” అన్నంత వరకే వాడుకలో ఉంటోంది. గుబులు, ఉక్రోషం, బెంగ లాంటి మాటలు పెద్దవాళ్లు తమ గురించి వాడితేనే పిల్లలకు వస్తాయి. “ఈ రోజు ఆఫీసులో మా సారు అందరి ముందు అన్న మాటకు నాకు చాలా చిన్నతనం అనిపించింది” అని ఒక తండ్రి భోజనం దగ్గర చెబితే, కొడుక్కి ఒక మాట వస్తుంది, అలాంటిది చెప్పుకోవచ్చు అన్న ధైర్యమూ వస్తుంది.

పిల్లలు ఎందుకు చెప్పరు?

“కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది” అని మన పెద్దల సామెత. “ఇంటి గుట్టు లంకకు చేటు” అన్నది ఇంకొకటి. ఊరంతా కలిసి బతికే రోజుల్లో కుటుంబ పరువు కాపాడుకోవడానికి అవి పనికొచ్చి ఉండవచ్చు. వాటినే పదహారేళ్ల పిల్లల మనసుకు వర్తింపజేస్తే మాత్రం నష్టం. అదే తెలుగులో “అడగందే అమ్మయినా పెట్టదు” అన్న సామెత కూడా ఉంది. పిల్లలకు మనం రెండోది నేర్పాలి.

అసలు కారణం ఇంకొకటి ఉంది. చెప్పడానికి ఒక ఖరీదు ఉంటుందని పిల్లలకు అనుభవం మీద తెలుస్తుంది. “నాన్నా, ఫిజిక్స్ ఏమీ అర్థం కావడం లేదు” అని పిల్లవాడు అన్నాడనుకోండి. “నీ మీద ఎంత ఖర్చు పెడుతున్నామో తెలుసా?” అన్న మాట వస్తుంది. ఆ సాయంత్రం నుంచి ఆట బంద్, ఫోను బంద్. ఆదివారం ఇంటికి వచ్చిన పిన్నికీ బాబాయికీ ఆ సంగతి చెప్పేస్తారు. మళ్లీ ఆ పిల్లవాడు నోరు విప్పుతాడా? చెక్కు పోయిందని ఖాతాదారు వెంటనే వచ్చి చెబితే స్టాప్ పేమెంట్ చేసి డబ్బు కాపాడవచ్చు. చెప్పడానికి వచ్చినవాణ్ణి కౌంటరు దగ్గర నిలబెట్టి నలుగురిలో తిడితే ఇంకోసారి చెప్పడు. అప్పుడు నష్టం తెలిసేది డబ్బు పోయాకే.

స్కాలర్‌షిప్ తీసుకునే పిల్లలకు మరో బరువు ఉంటుంది. “ఇంతమంది నమ్మి డబ్బు ఇచ్చారు, నేను తగ్గకూడదు” అనుకుంటారు. కృతజ్ఞత మంచి గుణమే. కానీ ఆ కృతజ్ఞతే నోటికి తాళం వేయకూడదు. కుటుంబంలో మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కిన పిల్లలకైతే, ఆ చదువు ఎంత కష్టమో ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పినా అర్థం కాదన్న నిరాశ కూడా తోడవుతుంది. ఇక మగపిల్లలకు “మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా” అన్న మాట చిన్నప్పుడే పడుతుంది. అలాంటివాళ్ల బాధ తర్వాత కోపంగానో, ఎవరితోనూ పలకకపోవడంగానో బయటపడుతుంది.

చెప్పుకోకపోతే జరిగే నష్టం

ఈ విషయం తేలికైనది కాదని చెప్పడానికి రెండు సంఘటనలు గుర్తు చేస్తాను.

తెలంగాణలో 2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు రాస్తే మూడు లక్షలకు పైగా తప్పారు. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వారందరి జవాబుపత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలించగా వెయ్యి మందికి పైగా పాసయ్యారు. మిగిలినవారికి ఆ వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. ఏ మరణానికైనా ఒక్క కారణం మాత్రమే ఉండదు, ఆ కుటుంబాల బాధను మనం బయటి నుంచి తూచలేము. ఒక్క విషయం మాత్రం అందరం గ్రహించవచ్చు. మెమో మీద పడిన అంకె చివరి మాట కాదు. దాన్ని సరిదిద్దే దారి ఎప్పుడూ ఉంటుంది. ఆ దారి కనిపించేదాకా పిల్లవాడి పక్కన ఒక మనిషి ఉండాలి, అంతే.

రెండోది విశాఖపట్నంలో జరిగింది. అక్కడ నీట్ పరీక్షకు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జూలైలో మరణించింది. ఆ తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న తీర్పు ఇస్తూ కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ, కోచింగ్ సెంటర్లకూ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఉండాలి. కోచింగ్ సెంటర్లు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సహాయ ఫోను నంబర్లు అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకు కూడా అవగాహన కార్యక్రమాలు పెట్టాలి. ఇక మీదట పిల్లలను చేర్చేటప్పుడు ఫీజు, ర్యాంకులతో పాటు “మీ దగ్గర కౌన్సెలర్ ఎవరు? ఏ రోజుల్లో ఉంటారు?” అని కూడా అడగండి. అడగడం మన హక్కు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2023లో దేశంలో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. సగటున రోజుకు 38 మంది. భయపెట్టడానికి ఈ అంకె రాయలేదు. “మా వాడికి అలాంటివేమీ ఉండవు” అని ఏ ఇల్లూ ధీమాగా ఉండకూడదని రాశాను.

చెప్పుకుంటే ఏం ఒరుగుతుంది?

“చెప్పినంత మాత్రాన సిలబస్ తగ్గుతుందా?” అని కొందరు పిల్లలు అడుగుతారు. తగ్గదు. కానీ మోసే మనిషికి బలం వస్తుంది. దీనిపై పరిశోధనలు జరిగాయి.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున, తమను బాధించిన విషయం గురించి మనసులో ఉన్నదంతా రాయించారు. మామూలు విషయాలు రాసినవారితో పోలిస్తే, జరిగినదీ దానివల్ల కలిగిన బాధా రెండూ రాసినవారు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. రాసే రోజున మనసు కొంచెం బరువెక్కడం కూడా సహజమేనని అందులో తేలింది.

2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగుతో చేసిన పరిశోధనలో, భయం, కోపం కనబడే ముఖాలను చూసినప్పుడు ఆ భావానికి పేరు పెడితే, మెదడులో ప్రమాద ఘంట లాంటి అమిగ్డాలా అనే భాగం స్పందన తగ్గినట్టు కనిపించింది. 2011లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జెరార్డో రమిరెజ్, సియాన్ బైలాక్ చూపించినది మన పిల్లలకు ఇంకా దగ్గరి విషయం. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించి కాగితం మీద రాసుకున్నవారిలో, ముఖ్యంగా పరీక్షలంటే ఎక్కువ భయపడేవారిలో, మార్కులు మెరుగయ్యాయి. బుర్రలో తిరుగుతున్న ఆందోళన కాగితం మీదకు దిగితే, లెక్క చేయడానికి కావలసినంత చోటు దొరుకుతుందని వారి వివరణ.

విద్యార్థులకు కొన్ని సూచనలు

మొదటిది, పేరు పెట్టండి. “టెన్షన్‌గా ఉంది” అని అనిపించినప్పుడు ఆగి, అది భయమా, అలసటా, అవమానమా, బెంగా అని మిమ్మల్ని మీరే అడగండి. రెండు మూడు కలిసి ఉండవచ్చు. నోటుబుక్కు చివరి పేజీలో రెండు వాక్యాలు రాసుకున్నా చాలు. ఎవరికీ చూపించనక్కర లేదు.

రెండోది, మనిషిని ఎంచుకోండి. మనసు విప్పడం అంటే అందరికీ చెప్పడం కాదు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కాదు. తలుపులు ధడాలున వేయడం, తమ్ముడి మీద అరవడం కూడా కాదు. విన్నది కడుపులో పెట్టుకుని, మీ మేలు కోరే ఒకరు చాలు. అమ్మ, నాన్న, అక్క, తాతయ్య, ఒక మాస్టారు, మీ సీనియర్ ఎవరైనా కావచ్చు. ఒకరు సరిగ్గా వినకపోతే ఇంకొకరి దగ్గరకు వెళ్లండి. మొదటి తలుపు తెరుచుకోలేదని ఊరంతా తలుపులు మూసుకుందని అనుకోవద్దు.

మూడోది, ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకోండి. “అమ్మా, నీతో ఒక పది నిమిషాలు మాట్లాడాలి. ఇప్పుడే సలహా చెప్పొద్దు, ముందు విను” అని అడగవచ్చు. నోరు రాకపోతే చీటీ రాసి ఇవ్వండి.

నాలుగోది, మీ స్నేహితుడు చెబితే వినండి. అతడు చచ్చిపోవాలని ఉందన్న మాట అంటే “ఎవరికీ చెప్పను” అని ఒట్టు వేయవద్దు. అతణ్ణి ఒంటరిగా వదలకుండా వెంటనే ఒక పెద్దవారికి చెప్పండి. ఇది చాడీ చెప్పడం కాదు.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

ముందు వినండి. మొదటి అయిదు నిమిషాలు సలహా, పోలిక, ఖర్చు లెక్క ఏదీ వద్దు. “అవునా, ఎప్పటి నుంచి ఇలా ఉంది?” అన్న ప్రశ్న ఒక్కటి చాలు. “ఇదీ ఒక కష్టమేనా, మా రోజుల్లో మేము వీధి దీపాల కింద చదివాం” అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. మన కష్టం నిజమే, పిల్లల కష్టమూ నిజమే.

ఎదురెదురుగా కూర్చోబెట్టి “చెప్పు, ఏమిటి నీ సమస్య” అంటే విచారణలా ఉంటుంది. సర్జాపుర రోడ్డు ట్రాఫిక్‌లో ట్యూషన్ నుంచి బండి మీద తీసుకొచ్చే అరగంట, చపాతీలు ఒత్తేటప్పుడు పక్కన నిలబడిన పది నిమిషాలు, రాత్రి మేడ మీద నాలుగు అడుగులు వేసే సమయం దీనికి మేలు. ముఖాలు చూసుకోనక్కర లేనప్పుడు మాటలు సులువుగా వస్తాయి.

చెప్పిన విషయం చుట్టాలకు చేరవేయకండి. చెప్పినందుకు శిక్ష వేయకండి. ఏదైనా కట్టడి చేయవలసి వస్తే దాన్ని మరో రోజుకు వాయిదా వేసి, ఆ రోజు మాత్రం “చెప్పి మంచి పని చేశావు” అనండి. పిల్లవాడు ఏడిస్తే ఏడవనివ్వండి.

ఫలితాల రోజుకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి: “ఎన్ని వచ్చినా ముందు ఇంటికి రా, కలిసి అన్నం తిందాం. తర్వాత ఏం చేయాలో చూద్దాం.” కర్ణాటకలో 2024 నుంచి ఎస్సెస్సెల్సీ, రెండో పీయూసీ పరీక్షలు అదే ఏడాది మళ్లీ రాసుకునే అవకాశం ఇచ్చారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో సప్లిమెంటరీ ఉంది. ఈ సమాచారం ఫలితాలకు ముందే ఇంట్లో మాట్లాడుకుంటే సగం భయం తగ్గుతుంది.

ఎప్పుడు నిపుణుల దగ్గరకు వెళ్లాలి?

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి బాగా మారినా, స్నేహితులను పూర్తిగా దూరం పెట్టినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, “నేను లేకపోతే మీకే హాయి” లాంటి మాటలు వస్తున్నా ఆలస్యం చేయవద్దు. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదని వైద్యులు చెబుతున్నారు. అడిగితే పిల్లలకు ఊరట కలుగుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ‘టెలి మానస్’ అనే ఫోను సేవను ప్రారంభించింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఈ సేవకు జాతీయ స్థాయి కేంద్రం మన బెంగళూరు నిమ్హాన్సే. హోసూరు రోడ్డులోని ఆ ఆసుపత్రికి నేరుగా కూడా వెళ్లవచ్చు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరును అడిగినా దారి చూపిస్తారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే 112కు ఫోను చేయండి.

“డాక్టరు దగ్గరకు వెళితే పేరు రికార్డులకెక్కుతుంది, రేపు పెళ్లికీ ఉద్యోగానికీ అడ్డం” అన్న భయం ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని కూడా ఆ చట్టం చెబుతుంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఆపకండి.

చివరగా, స్కాలర్‌షిప్ అందుకుంటున్న పిల్లలకు ఒక మాట. బ్యాంకు ఇచ్చే అప్పుకు వడ్డీ ఉంటుంది, వాయిదా తేదీ ఉంటుంది, హామీ సంతకం ఉంటుంది. స్కాలర్‌షిప్‌కు ఇవేవీ లేవు. ఆ డబ్బు ఇచ్చినవారు మీ నుంచి ర్యాంకు కొనుక్కోలేదు. మీరు ఆరోగ్యంగా, నిశ్చింతగా చదువుకోవాలని ఇచ్చారు. ఒక సెమిస్టరు తడబడితే మమ్మల్ని చూసి తప్పుకుని పోకండి. వచ్చి చెప్పండి. వచ్చే సంవత్సరం కాగితాలు సరిచూసేటప్పుడు “ఎలా ఉన్నావు?” అని మళ్లీ అడుగుతాను. “టెన్షన్” అని ఆపేయకుండా ఇంకో రెండు వాక్యాలు చెప్పండి. వినడానికి మాకు తీరిక ఉంది.